80వ పోర్టు వెనక ఎవరున్నారు?

వెబ్ సర్వర్ ఎక్కించానని చెప్పిన కుర్రాణ్ణి నేను ముందుగా అడిగేది ఒకటే. "అది లేచేటప్పుడు ఏ ఫైలు చదువుకుని లేచింది బాబూ?" చాలామంది అక్కడే ఆగిపోతారు. ఎక్కించడం మాత్రం క్షణాల్లో ఎక్కిస్తారు. ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు కాపీ చేసి నల్ల తెర మీద పడేస్తారు. బ్రౌజర్ తెరిచి స్వాగతం పేజీ చూపించి "అయిపోయింది సార్" అంటారు. ఏమయింది? ప్రోగ్రామ్ ఎక్కడికొచ్చి కూర్చుంది? ఎవరి పేరు మీద నడుస్తోంది? రేపు కరెంటు పోయి మెషీన్ మళ్లీ లేస్తే ఇదీ లేస్తుందా? వీటికి జవాబు ఉండదు. "అందులో ఇలాగే కొట్టమన్నారు సార్" అంటారు. ఆ కమాండ్లు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసినవో అదీ చూసుకోరు.

మా రోజుల్లో ఇలా కుదిరేది కాదు. తెలుసుకోకుండా ముందుకుపోయే దారే ఉండేది కాదు. నేను చెప్పేది తొంభైల చివరి సంగతి. వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది గానీ, ఇంట్లో కనెక్షన్ పెట్టించుకునే స్తోమత ఎంతమందికి ఉండేది! ఆఫీసుకంతా ఒక మోడెం, దానికో ఫోన్ లైను. అపాచీ 1.3 సోర్సు మెగాబైట్ల లెక్కలో ఉండేది. పక్కగదిలో ఎవరైనా ఫోనెత్తితే లైను తెగేది, దింపుకోవడం మళ్లీ మొదటికొచ్చేది. అందుకే సీడీలంటే ప్రాణం. పీసీక్వెస్ట్ పత్రిక లైనక్స్ సీడీ ఇచ్చిన నెలలో ఆ సంచిక చేతులు మారుతూనే ఉండేది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, పాత పెంటియం బోర్డు ఒకటి, హార్డ్ డిస్కు ఒకటి బేరమాడి తెచ్చుకుని, దానిమీద నేర్చుకున్నాం.

టార్ ఫైలు విప్పగానే ఇన్‌స్టాల్ అనీ రీడ్‌మీ అనీ రెండు ఫైళ్లు కనబడేవి. అవి చదివాకే మిగతావి ముట్టుకునేవాళ్లం. తర్వాత కన్ఫిగర్ స్క్రిప్టు. సాఫ్ట్‌వేర్ ఏ డైరెక్టరీలోకి వెళ్లాలో మనమే చెప్పాలి. రీరైట్ మాడ్యూలు కావాలా వద్దా, మాడ్యూళ్లు అసలు ప్రోగ్రామ్‌లోనే కలిసిపోవాలా, విడిగా ఉండి అవసరమైనప్పుడు లోడ్ అవ్వాలా, అన్నీ మన నిర్ణయాలే. ఆ తర్వాత మేక్. జీసీసీ ఒక్కో సీ ఫైలునూ కంపైల్ చేస్తుంటే పేర్లు తెర మీద పైకి పాకుతూ పోయేవి. మాడ్ ఏలియాస్, మాడ్ సీజీఐ, మాడ్ ఆథ్, మాడ్ రీరైట్. వాటిని చూస్తూ కూర్చునేవాళ్లం. అపాచీలో ఏయే పనులు ఏయే భాగాలు చేస్తాయో ఎవరూ పాఠం చెప్పకుండానే అలా ఒంటబట్టేది. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిందంటే, ఏ హెడర్ ఫైలు దొరకలేదో అదే చెప్పేది. ఆ ఫైలు ఏ లైబ్రరీదో మనం వెతుక్కునేవాళ్లం.

అపాచీ పుట్టుక కూడా అలాంటిదే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏలో రాబ్ మెక్‌కూల్ రాసిన హెచ్‌టీటీపీడీ అనే సర్వర్‌ని అప్పట్లో చాలామంది వాడేవాళ్లు. 1994లో ఆయన అక్కణ్ణుంచి వెళ్లిపోయాక దాన్ని పట్టించుకునే నాథుడు లేకుండా పోయాడు. ఎవరి సైటు కోసం వాళ్లు దానికి మరమ్మతులు చేసుకుంటున్న వెబ్‌మాస్టర్లు కొందరు ఆ ప్యాచ్‌లన్నీ ఒకచోట చేర్చారు. 1995 ఏప్రిల్‌లో మొదటి విడుదల, అదే ఏడాది డిసెంబరులో 1.0. 1996 ఏప్రిల్ వచ్చేసరికి ప్రపంచంలో ఎక్కువ సైట్లు దానిమీదే నడుస్తున్నాయి. సర్వర్లు నడిపేవాళ్లే కూర్చుని రాసుకున్న సాఫ్ట్‌వేర్ అది. అందుకే కన్ఫిగ్ ఫైలులో ప్రతి లైను పైనా అదెందుకుందో వివరంగా రాసిపెట్టారు. ఆ వివరాలు చదివినవాడికి వేరే పుస్తకం అక్కర్లేదు. చదివేవాళ్లం కూడా, మొదటి లైను నుంచి చివరి దాకా.

అలా చదవడం వల్ల ఏం తెలిసిందో ఒక్కటి చెబుతాను. యూనిక్స్‌లో 1024 లోపు పోర్టు తెరవాలంటే రూట్ అధికారం కావాలి. వెబ్‌కి కేటాయించినది 80. కాబట్టి అపాచీ రూట్‌గానే లేస్తుంది. పోర్టు పట్టుకుంటుంది, లాగ్ ఫైళ్లు తెరుచుకుంటుంది. ఆ తర్వాత పిల్ల ప్రాసెస్‌లను పుట్టించి, వాటిని నోబడీ అనే ఏ అధికారమూ లేని యూజర్ పేరు మీదకి దించేస్తుంది. బయటి ప్రపంచంతో మాట్లాడేవి ఆ పిల్లలే. వాటిలో ఒకటి దొంగ చేతికి చిక్కినా రూట్ అధికారం చిక్కదు. పీఎస్ కమాండు కొడితే పైన రూట్ పేరుతో ఒక ప్రాసెస్, దాని కింద నోబడీ పేరుతో అయిదు. ఆ ఆరు లైన్లలో యూనిక్స్ భద్రత సగం కళ్లముందు కనబడేది. ఇవాళ్టికీ అదే పద్ధతి. నోబడీ పోయి డెబియన్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, రెడ్ హ్యాట్‌లో అపాచీ అనే యూజర్లు వచ్చారంతే. ఎంతమంది పిల్లలు పీఎస్ కొట్టి చూస్తున్నారు?

తాళం గుర్తున్న సైటు కావాలంటే మాకు ఇంకా పెద్ద పని. బలమైన ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ని అమెరికా అప్పట్లో దేశం దాటనిచ్చేది కాదు. అందుకని అపాచీ 1.3లో ఎస్‌ఎస్‌ఎల్ ఉండేదే కాదు. జర్మనీలో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అనే ఆయన 1998లో మాడ్ ఎస్‌ఎస్‌ఎల్ తయారుచేసి విడిగా ఇచ్చేవాడు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒకచోట కంపైల్ చేసుకుని, మాడ్ ఎస్‌ఎస్‌ఎల్ ప్యాచ్‌ని అపాచీ సోర్సుకి అతికించి, అపుడు మొత్తం మళ్లీ కట్టుకోవాలి. ఈ మాడ్ ఎస్‌ఎస్‌ఎల్ ఆ అపాచీకే సరిపోతుంది, వెర్షన్ ఒక్క అంకె తేడా వస్తే ప్యాచ్ అతకదు. 2000లో అమెరికా ఆ నిబంధనలు సడలించింది, ఎన్‌క్రిప్షన్ మీద ఉన్న ఆర్‌ఎస్‌ఏ పేటెంటు గడువు కూడా ఆ ఏడాదే తీరింది. 2002లో అపాచీ 2.0 స్థిరపడేసరికి మాడ్ ఎస్‌ఎస్‌ఎల్ లోపలే వచ్చేసింది. ఆ కష్టం మళ్లీ రావాలని నేను కోరుకోను. కానీ సర్టిఫికెట్ అంటే ఏమిటి, ప్రైవేట్ కీ ఎవరూ చదవలేని ఫైలులో ఎందుకుండాలి, సర్టిఫికెట్ అడుగుతూ పంపే సీఎస్‌ఆర్‌లో ఏముంటుంది అన్నవి ఆ పనిలోనే తెలిశాయి. ఇప్పుడు ప్రైవేట్ కీని వాట్సాప్‌లో పంపమని అడిగేవాళ్లున్నారు. గుండె ఆగినంత పనవుతుంది నాకు.

అసలు నా గోడంతా ఇక్కడుంది. లైనక్స్ అంటే ఒకటే అనుకుంటున్నారు. అపాచీ అంటే ఎక్కడైనా అపాచీయే, ఎన్‌జిన్‌ఎక్స్ అంటే ఎక్కడైనా ఎన్‌జిన్‌ఎక్సే అనుకుంటున్నారు. కాదు. అద్దెంట్లోకి దిగినవాడు మెయిన్ స్విచ్ ఎక్కడుందో, నీళ్ల వాల్వు ఎక్కడుందో ముందు చూసుకుంటాడా లేదా? ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ వెనక ఒక్కో ఆలోచన ఉంది. అది తెలియకుండా కమాండు కొట్టేవాడు ఆ మెషీన్‌కి అడ్మిన్ కాడు.

లేవడం సంగతే తీసుకోండి. డెబియన్‌లో గానీ ఉబుంటులో గానీ ఏపీటీతో అపాచీ2 ఎక్కించగానే అది మన మాట కోసం ఆగదు. అప్పటికప్పుడే లేచి 80 మీద కూర్చుంటుంది. కావాలనే కదా ఎక్కించుకున్నారు అన్నది వాళ్ల లెక్క. ఫెడోరా, రాకీ, ఆల్మా వంటి రెడ్ హ్యాట్ కుటుంబంలో అదే సాఫ్ట్‌వేర్ హెచ్‌టీటీపీడీ పేరుతో వచ్చి ఊరికే ఉంటుంది. సిస్టమ్‌సీటీఎల్‌తో స్టార్ట్ చేస్తేనే లేస్తుంది. ఎనేబుల్ చేస్తేనే రీబూట్ తర్వాత మళ్లీ లేస్తుంది. ఫైర్‌వాల్ మనమే తెరవాలి. స్లాక్‌వేర్‌లో ఆర్‌సీ స్క్రిప్టుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇస్తే సర్వీసు ఆన్ అయినట్టు, తీసేస్తే ఆఫ్ అయినట్టు. ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైలులో యస్ అని రాసేదాకా మామూలు స్టార్ట్ కమాండుకి కూడా లేవదు. నా మటుకు నాకు ఫ్రీబీఎస్‌డీ పద్ధతే సరైనదనిపిస్తుంది. యజమాని రాతపూర్వకంగా చెప్పకుండా ఏ పోర్టూ తెరుచుకోకూడదు.

పేజీలు పెట్టే చోటు కూడా అంతే. డెబియన్, రెడ్ హ్యాట్ రెండింట్లోనూ వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలో హెచ్‌టీఎంఎల్. ఓపెన్‌సూసేలో ఎస్‌ఆర్‌వీ కింద. ఫ్రీబీఎస్‌డీలో యూఎస్‌ఆర్ లోకల్ కింద. డెబియన్ వాళ్లు ఒక్క పెద్ద కన్ఫిగ్ ఫైలుని ముక్కలు చేశారు. సైట్లకో డైరెక్టరీ, మాడ్యూళ్లకో డైరెక్టరీ, అందుబాటులో ఉన్నవి ఒకచోట, అమల్లో ఉన్నవి ఇంకోచోట, రెండింటి మధ్యా సింబాలిక్ లింకులు. ఏ2ఎన్‌సైట్ అనే కమాండు చేసే పనంతా ఆ లింకు వేయడమే. డెబియన్ చూపించే స్వాగతం పేజీలోనే ఈ అమరిక అంతా రాసి ఉంటుంది. ఆ పేజీ కనబడగానే ట్యాబు మూసేస్తున్నారు గానీ, అందులో ఏం రాశారో చదివిన కుర్రాణ్ణి నేనింకా చూడాల్సి ఉంది.

ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గర ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ 2004లో దాన్ని బయటపెట్టాడు. ఒకే మెషీన్ పదివేల కనెక్షన్లు ఎలా మోయాలి అన్న సమస్యకి జవాబుగా రాసినది. అప్పటి అపాచీ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్‌ని కేటాయిస్తే, ఇది కొద్దిపాటి వర్కర్ ప్రాసెస్‌లతో వేల కనెక్షన్లు చూసుకుంటుంది. గొప్ప పని, సందేహం లేదు. అయితే డెబియన్ ప్యాకేజీలో దాని సైట్ల ఫైళ్లు డెబియన్ పద్ధతిలో ఉంటాయి, యూజర్ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. అదే డెబియన్ మీద ఎన్‌జిన్‌ఎక్స్ తయారీదారుల సొంత ప్యాకేజీ ఎక్కిస్తే ఆ డైరెక్టరీలే ఉండవు. అన్నీ కాన్ఫ్ డాట్ డీలో ఉంటాయి, యూజర్ పేరు ఎన్‌జిన్‌ఎక్స్. ఒక ప్యాకేజీ కోసం రాసిన సూచనలు ఇంకో ప్యాకేజీ మీద అమలుచేసి, ఫైలు పెట్టినా సైటు రావట్లేదని పూటంతా తల పట్టుకుంటారు. ఎన్‌జిన్‌ఎక్స్‌కి పెద్ద టీ అనే ఆప్షన్ ఇస్తే, అది నిజంగా చదువుతున్న కన్ఫిగ్ మొత్తం, ఏ ఫైలు నుంచి ఏ లైను వచ్చిందో సహా, తెర మీద పోస్తుంది. ఒక్క నిమిషం పని. ఆ ఆప్షన్ మాన్యువల్‌లో ఉంది. మాన్యువల్ ఎవరు తెరుస్తున్నారు?

ఫ్రీబీఎస్‌డీ గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చినది ఒకచోట, మనం తర్వాత ఎక్కించుకున్నది ఇంకోచోట, రెండూ కలవవు. మనం ఎక్కించినది ప్రోగ్రామ్ అయినా, కన్ఫిగ్ ఫైలు అయినా, స్టార్టప్ స్క్రిప్టు అయినా యూఎస్‌ఆర్ లోకల్ కిందే. పోర్ట్స్ అనే ఏర్పాటు 1994 నుంచీ ఉంది. అపాచీ డైరెక్టరీలోకి వెళ్లి మేక్ ఇన్‌స్టాల్ అంటే సోర్సు దింపుకుని, చెక్‌సమ్ సరిచూసి, తమ ప్యాచ్‌లు వేసి, మన కళ్లముందే కంపైల్ చేస్తుంది. మేం చేత్తో చేసిన పనే, కాకపోతే క్రమం తప్పకుండా చేస్తుంది. ఇప్పుడు పీకేజీ కమాండుతో రెడీమేడ్‌గానూ వస్తుంది. ఏ డైరెక్టరీ ఎందుకుందో చెప్పే హయర్ అనే మాన్యువల్ పేజీ ఒకటుంది అందులో. కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చదివించేది ఆ పేజీనే.

ఓపెన్‌బీఎస్‌డీ మరీ పట్టుదల మనిషి. 2002 నవంబరులో వచ్చిన 3.2 నుంచి, తనతో వచ్చే వెబ్ సర్వర్‌ని వార్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అనే డైరెక్టరీలో బంధించి నడుపుతోంది. సీహెచ్‌రూట్ అంటారు దాన్ని. సర్వర్ దృష్టిలో ఆ డైరెక్టరీయే లోకం. అది దాటి బయట ఇంకేమీ లేదు. సర్వర్‌లో కన్నం దొరికి దొంగ లోపలికొచ్చినా వాడికి పాస్‌వర్డ్ ఫైలు కనబడదు, షెల్ కూడా కనబడదు. ఆ పద్ధతితో వచ్చే తిప్పలూ ఉన్నాయి. డేటాబేస్ సాకెట్ ఫైలు ఆ డైరెక్టరీ బయట ఉంటే పీహెచ్‌పీకి అది అందదు. మెయిల్ పంపాలంటే సర్వర్ పేరుని చిరునామాగా మార్చడానికి కావాల్సిన రిజాల్వ్ డాట్ కాన్ఫ్ కూడా లోపలికి కాపీ కావాలి. వీటితో కుస్తీపడ్డ ప్రతివాడికీ, ఒక వెబ్ ప్రోగ్రామ్ నడవాలంటే నిజంగా ఏయే ఫైళ్లు అవసరమో లెక్క తెలిసింది. 2014లో వచ్చిన 5.6లో వాళ్లు అపాచీని తమ సిస్టమ్‌లోంచి తీసేసి సొంతంగా చిన్న సర్వర్ రాసుకున్నారు. దాని పేరు కూడా హెచ్‌టీటీపీడీయే. రెడ్ హ్యాట్‌లో హెచ్‌టీటీపీడీ అంటే అపాచీ, ఇక్కడ వేరు. కన్ఫిగ్ అయిదారు లైన్లలో ముగుస్తుంది. అందులో రూట్ అన్నచోట హెచ్‌టీడాక్స్ అని మాత్రమే రాస్తాం. బందీగా ఉన్నవాడికి దారి లోపల్నుంచే చెప్పాలి కదా! ఆ లైను ఎందుకలా ఉందో చెప్పగలిగినవాడికి సీహెచ్‌రూట్ అర్థమైనట్టే.

తెలుగు పేజీలు పెట్టినవాళ్లకి ఇంకో అనుభవం ఉంది, అదీ చెప్పాలి. అపాచీ 2.0తో వచ్చిన కన్ఫిగ్ ఫైలులో యాడ్ డిఫాల్ట్ చార్‌సెట్ అని ఒక లైను ఉండేది. దాని విలువ ఐఎస్‌ఓ 8859-1, అంటే పశ్చిమ ఐరోపా భాషల అక్షరాల పట్టిక. పేజీని యూటీఎఫ్-8లో చక్కగా తెలుగులో రాసి, పైన మెటా ట్యాగులో ఆ ముక్క కూడా చెప్పి సర్వర్‌లో పెడతాం. ఫైలుని నేరుగా తెరిస్తే తెలుగు కనబడుతుంది. సర్వర్ ద్వారా తెరిస్తే పిచ్చి గీతలు. ఎందుకని? తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఈ0. రెండోది బీ0, లేదా బీ1. ఆ ఐరోపా పట్టికలో ఈ0 అంటే నెత్తిన గీత ఉన్న చిన్న ఏ, బీ0 అంటే డిగ్రీల సున్నా, బీ1 అంటే కూడిక కింద తీసివేత ఉన్న గుర్తు. అందుకే పేజీ నిండా ఆ గీతల ఏ, పక్కనే సున్నా. పేజీలోని మెటా ట్యాగు ఒకటి చెప్పి, సర్వర్ హెడరు ఇంకోటి చెబితే బ్రౌజర్ వినేది సర్వర్ మాటే. కొన్ని డిస్ట్రోలు ఆ లైనుని సవరించి పంపాయి, కొన్నింట్లో అలాగే ఉండిపోయింది. అందుకని ఒక మెషీన్‌లో తెలుగు కనబడి, ఇంకో మెషీన్‌లో అదే పేజీ పాడయ్యేది. ఫాంటు తప్పేమో అని ఫాంట్లు మార్చుకుంటూ రోజులు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. కన్ఫిగ్ ఫైలు మొదటి నుంచి చదివినవాళ్లు ఆ ఒక్క లైను తీసేసి, సర్వర్‌ని రీస్టార్ట్ చేసి, భోజనానికి వెళ్లారు.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. రెడ్ హ్యాట్ కుటుంబపు మెషీన్‌లో కుర్రాడు తన హోమ్ డైరెక్టరీలో పేజీ తయారుచేసుకుంటాడు. ఎంవీ కమాండుతో దాన్ని సర్వర్ డైరెక్టరీలోకి తరలిస్తాడు. బ్రౌజర్‌లో 403, ఫర్బిడెన్. పర్మిషన్లు చూస్తే బాగానే ఉంటాయి. ఏం చేస్తాడు? ముందు సీహెచ్‌మాడ్ 777 కొడతాడు, అంటే దారినపోయే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆ ఫైలు మీద రాసే హక్కు ఇచ్చేస్తాడు. అయినా పేజీ రాదు. తర్వాత ఎస్‌ఈలైనక్స్ మొత్తానికే ఆపేస్తాడు. పేజీ వస్తుంది. "ఫిక్స్ అయింది సార్!"

అది బాగుచేయడం కాదు నాయనా. ఎస్‌ఈలైనక్స్‌లో ప్రతి ఫైలుకీ ఒక లేబుల్ ఉంటుంది. ఎంవీతో తరలిస్తే పాత లేబుల్ ఫైలుతోపాటే వస్తుంది, సీపీతో కాపీ చేస్తే కొత్తచోటి లేబుల్ పడుతుంది. హోమ్ లేబుల్ ఉన్న ఫైలుని చదవడానికి వెబ్ సర్వర్‌కి అనుమతి లేదు. ఎల్‌ఎస్‌కి పెద్ద జెడ్ ఆప్షన్ ఇస్తే ఆ లేబుల్ కనబడుతుంది. రిస్టోర్‌కాన్ కమాండు ఒక్కసారి నడిపితే సరైన లేబుల్ పడుతుంది. ఎందుకు ఆపానో ఆడిట్ లాగ్‌లో అదే రాసిపెడుతుంది కూడా. ఇంత వివరంగా చెప్పే కాపలావాణ్ణి, చెప్పింది వినకుండా ఇంటికి పంపేస్తున్నారు. సర్వర్ ఊరందరి డేటా మోస్తోంది, ఆసుపత్రి రిపోర్టులు, ఫీజు రసీదులు, ఆధార్ కాపీలు. వాటి తలుపు ఇలా బార్లా తెరిచిపెట్టే హక్కు ఎవరిచ్చారు?

ఇక కంటెయినర్లు. 2013లో డాకర్ వచ్చింది. మంచి పనిముట్టు. ఒకసారి కట్టిన ఇమేజ్ ఎక్కడైనా ఒకేలా నడుస్తుంది. కానీ ఆ ఇమేజ్ లోపల ఉన్నది డెబియనా, ఆల్పైనా అని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. ఆల్పైన్ అయితే బాష్ ఉండదు, సీ లైబ్రరీ మామూలు జీలిబ్సీ కాదు, మజిల్. అక్కడ సిస్టమ్‌సీటీఎల్ కొట్టి పనిచేయట్లేదని ఫిర్యాదు. దీనికన్నా ప్రమాదం ఇంకోటుంది. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూతో పోర్టులు మూసేశామని నిశ్చింతగా ఉంటారు. డాకర్ పోర్టు బయటపెట్టేటప్పుడు తన ఐపీటేబుల్స్ రూల్స్ తానే రాసుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ వేసిన అడ్డు ఆ దారిలో పనిచేయదు. మూసేశామనుకున్న డేటాబేస్ పోర్టు లోకమంతటికీ తెరిచే ఉంటుంది. ఇది రహస్యం కాదు, డాకర్ వాళ్లే తమ మాన్యువల్‌లో రాశారు.

నేను పాతదంతా బంగారమని అనను. 2002 సెప్టెంబరులో స్లాపర్ అనే వార్మ్ వచ్చింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఉన్న కన్నం గుండా అపాచీ సర్వర్లలో దూరింది. సోర్సు నుంచి కట్టుకున్న సర్వర్లకి ఎవరో వచ్చి అప్‌డేట్ చేయరు. మళ్లీ సోర్సు తెచ్చి మళ్లీ కట్టుకోవాలి. తీరిక లేక వదిలేసినవి ఎన్నో ఉండేవి. ఇవాళ ప్యాకేజీగా ఎక్కించినదానికి, ఏర్పాటు చేసుకుంటే, భద్రతా సవరణలు రాత్రికి రాత్రే వాటంతటవే వస్తాయి. సర్టిఫికెట్‌కి మేం ఏటా డబ్బు కట్టేవాళ్లం. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ తెరిచాక, పల్లెటూరి బడి సైటుకి కూడా తాళం గుర్తు ఉచితంగా వస్తోంది. ఆ పని చేసినవాళ్లకి చేతులెత్తి దండం పెడతాను. అందుకే ప్రొడక్షన్‌లో సోర్సు నుంచి కట్టమని నేనెవరికీ చెప్పను. ప్యాకేజీయే వాడండి. కానీ ఆ ప్యాకేజీ ఎవరు కట్టారో, ఏం మార్చి కట్టారో తెలుసుకుని వాడండి.

ఎందుకంటే మార్పు ఎంతదాకా పోతుందో 2008 మే నెలలో లోకమంతా చూసింది. డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీకి అంతకు రెండేళ్ల ముందు చేసిన చిన్న సవరణ వల్ల, కీ తయారీలో ఉండాల్సిన యాదృచ్ఛికత దాదాపు అంతా పోయింది. ప్రాసెస్ నంబరు ఒక్కటే మిగిలింది. అంటే ఒక్కో రకం కీకి ముప్పైరెండు వేల పైచిలుకు రూపాలే సాధ్యం. ఆ సవరణ తర్వాత డెబియన్, ఉబుంటు మెషీన్ల మీద తయారైన వెబ్ సర్వర్ కీలన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది. రెడ్ హ్యాట్, బీఎస్‌డీల మీద తయారైన కీలకి ఏమీ కాలేదు. పేరు ఒకటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ వ్యవహారం కూడా అలాంటిదే. కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారు. అది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ దాకా చేరిందంటే కారణం, కొన్ని డిస్ట్రోలు ఎస్‌ఎస్‌హెచ్‌ని సిస్టమ్‌డీకి కలుపుతూ వేసుకున్న ప్యాచ్. ఓపెన్‌బీఎస్‌డీలో ఆ దారే లేదు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటి అని ఊరుకోకుండా తవ్వాడు. అరసెకను! మన దగ్గర సైటు అరనిమిషం ఆలస్యమైనా "సర్వర్ స్లో సార్, ర్యామ్ పెంచుదాం" అంటున్నారు.

అమీర్‌పేటలో, విజయవాడలో, విశాఖలో డెవాప్స్ కోర్సులు చెప్పే మాస్టార్లకి నా మనవి. క్లౌడ్ బటన్లు చూపించే ముందు ఒక్క వారం దీనికివ్వండి. మామూలు లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్లు పెట్టించి డెబియన్, రాకీ, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ నాలుగూ ఎక్కించమనండి. నాలుగింటి మీదా వెబ్ సర్వర్ పెట్టి, ఒక తెలుగు పేజీ చూపించమనండి. కన్ఫిగ్ ఫైలు ఎక్కడుంది, ఏ యూజర్‌గా నడుస్తోంది, రీబూట్ తర్వాత ఎవరు లేపుతున్నారు, లాగ్ ఎక్కడ పడుతోంది, 80వ పోర్టు ఏ ప్రాసెస్ చేతిలో ఉంది అన్నవి ఒక్కో మెషీన్‌కీ సొంత మాటల్లో రాయించండి. అపాచీని ఒక్కసారైనా సోర్సు నుంచి కట్టించండి. వెతకడానికి మాన్యువల్ పేజీలు తప్ప ఇంకేమీ ఇవ్వకండి.

పిల్లలూ, మీకు మాస్టారే అక్కర్లేదు. ఈ నాలుగు సిస్టమ్‌లూ ఉచితం. వాటి సోర్సు ఉచితం, మాన్యువల్ ఉచితం. మాకు లేని వేగమైన ఇంటర్నెట్ మీ చేతిలో ఉంది. ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.